రెండు తలల బొమ్మకు నేను చెప్పిన అర్థం

మా ఇంటి ముందుగదిలో ఒక బొమ్మ ఉంది. ఎవరొచ్చినా కూర్చోకముందే దాని దగ్గర ఆగి, "ఇదేమిటండీ? దీని అర్థమేమిటి?" అంటారు. నేను కాఫీ తాగుతారా అని అడిగి మాట తప్పిస్తాను. అర్థం చెప్పలేక కాదు. ఒకసారి చెప్పాను. చాలా గొప్పగా చెప్పాను, చప్పట్లు కూడా కొట్టారు. ఫ్యాక్టరీల్లో భద్రతాధికారులుగా కొత్తగా చేరుతున్న పిల్లలు ఈ మధ్య అప్పుడప్పుడు వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటున్నారు. నా దగ్గరున్న అనుభవం ఇదొక్కటే నాయనా. మిగతాదంతా సర్వీసు.

నేను పనిచేసింది గోగునార మిల్లులో. మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో గోగు పండినన్నాళ్ళు అలాంటి మిల్లులు బతికాయి. మాది ఇప్పుడు లేదు. అక్కడ సంక్షేమం, భద్రత రెండూ నాకే అప్పగించారు. అంటే క్యాంటీన్ పప్పులో ఉప్పెక్కువైనా నేనే జవాబుదారీ, మిషన్ మీద మూత లేకపోయినా నేనే. ఉప్పు సంగతి మాత్రం బాగా చూసుకున్నాను.

నా గురించి ఇంకొక మాట ముందే చెప్పాలి. మా నాన్నగారు విజయనగరంలో పురాణం చెప్పేవారు. పక్కన ఒకరు పద్యం చదివితే ఈయన అర్థం చెప్పేవారు. ఒక్కో పద్యానికి ముప్పావు గంట. ఆయనకు విద్య వచ్చింది, నాకు దురద వచ్చింది. గోడ మీద చెమ్మ మరక కనిపించినా దానికో అర్థం చెబితే గాని నాకు తోచేది కాదు. మిల్లులో ఎవరి పెళ్ళి పత్రిక అయినా, సంతాప సభ అయినా, "బాబుగారు రాత్తారు" అని నా దగ్గరకే వచ్చేవారు. దాంతో నాకు కాస్త తలకెక్కింది కూడా.

మిల్లులో నేను ప్రతివారం తప్పకుండా చూడవలసింది నార దువ్వే విభాగం. అక్కడి మిషన్లలో పెద్ద పెద్ద రోలర్లు, వాటి నిండా ఉక్కు ముళ్ళు. దువ్వెన లాంటిదే, కాకపోతే నార ఏదో చెయ్యి ఏదో దానికి తెలియదు. రోలర్ నారను లోపలికి లాక్కునే చోట ఇనప మూత ఉండి తీరాలి. మంగళవారం పది గంటలకు తనిఖీ కాగితం తగిలించిన అట్ట పట్టుకుని బయలుదేరేవాణ్ణి. ముందు ఏడో నంబరు మిషన్. 'మూత ఉంది', టిక్కు. అక్కడి నుంచి సూపర్‌వైజరు బల్ల దగ్గరకు. ఆయన అల్లం దంచి వేసిన టీ తెప్పించేవాడు. ఇరవై నిమిషాలు లోకాభిరామాయణం. ఆ తర్వాత ఎనిమిదో నంబరు. 'మూత ఉంది', టిక్కు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆ టీ నిజంగానే బాగుండేది.

ఏడో నంబరుకు నార అందించేది ఒక ఆడమనిషి. సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. ఇంట్లో మగవాళ్ళు వేటకు పోతారు, వలకు చేప పడని రోజుల్లో ఈమె జీతమే ఇంటికి ఆధారం. మిషన్ల హోరును దాటి వినిపించే గొంతు. నన్ను చూడగానే, "ఓలి! బాబొచ్చినారు, అందరూ సక్కగా నిలబడండే, పోటో తీత్తారు!" అని కేకేసేది. నేను నవ్వి టిక్కు పెట్టి కదిలేవాణ్ణి.

ఏటా భద్రతా వారోత్సవాల్లో కార్మికులకు బొమ్మల పోటీ పెట్టేవాళ్ళం. ఆ ఏడు 'మనిషి - యంత్రం' అనే అంశం ఇచ్చింది నేనే. పదో పన్నెండో వచ్చాయి. అన్నిట్లోనూ హెల్మెట్లు, ఇనప చేతికి కరచాలనం చేస్తున్న మనిషి చెయ్యి. ఒక్కటి మాత్రం మంచమంత బొమ్మ, ఇద్దరు మోసుకొచ్చారు.

అది వేసినవాడు మిషన్లకు నూనె పోసే మనిషి. యాభై దాటింది. శ్రీకూర్మం దగ్గర పల్లె. వాళ్ళ ఇంటివాళ్ళు తరతరాలుగా గుడి వాహనాలకు, గరుడుడికీ, హనుమంతుడికీ, ఏనుగుకీ, ఉత్సవాల ముందు రంగులు వేసేవారట. ఈయన వంతు వచ్చేసరికి ఆ పని మీద తిండి జరగక మిల్లులో నూనె డబ్బా పట్టుకున్నాడు. అవసరమైతే తప్ప నోరు విప్పడు.

గోనెగుడ్డకు చింతపిక్కల జిగురు, సుద్ద కలిపి పూత పూసి, మిషన్లకు వేయగా మిగిలిన ఎనామిల్ రంగులతో, దీపం మసితో వేశాడు. మధ్యలో ఒక జంతువు. గుర్రమంటే గుర్రం కాదు, ఏనుగంటే ఏనుగు కాదు. ఒళ్ళు ఒకటే, తలలు రెండు. ఒళ్ళంతా నార జుట్టు. ఒక తల నోట్లో ఏడు పళ్ళు, రెండో తల నోట్లో ఎనిమిది. తలకొక్క పెద్ద కన్ను, రెంటికీ రెప్పలు లేవు. ఉన్న ఒక్క రెప్పనూ ఒక బక్క మనిషి గొడుగులా నెత్తిన పెట్టుకుని ఒక తల నుంచి రెండో తల దగ్గరకు పరిగెడుతున్నాడు. ఏడు పళ్ళ తల దగ్గర ఒక స్త్రీ దాని జూలు దువ్వుతోంది. ఆమె చేతులు మణికట్టు దాకా చేతులే, వేళ్ళుండాల్సిన చోట నార. వీళ్ళందరికంటే ముందు తెల్ల చొక్కా మనిషి ఒకడు నడుస్తున్నాడు. ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో టీ గ్లాసు. అతనికి ముఖం లేదు. కోడిగుడ్డులా నున్నగా ఉంది.

తెల్ల చొక్కా ఎవరిదో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు.

న్యాయనిర్ణేతగా పిలిచిన రిటైర్డు డ్రాయింగు మాస్టారు బొమ్మ చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇది అధివాస్తవిక చిత్రమండీ. కలలో కనబడినట్టు వేస్తారు. ఫ్రాన్సులో పెద్ద పెద్దవాళ్ళు వేసిన పద్ధతి. ఇతనికెలా అబ్బిందో! అర్థం చెప్పే మనిషి దొరికితే దీని ముందు మిగతావన్నీ దిగదుడుపే," అన్నారు. అర్థం చెప్పే మనిషి అనేసరికి నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మేనేజరుగారికి మాత్రం భయం పట్టుకుంది. "మనల్నేమైనా తిడుతున్నాడా? కనుక్కుని ఒక పేజీ రాసివ్వండి," అన్నారు.

కనుక్కున్నాను. ఎలాగంటారా? సూపర్‌వైజరును పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఆ నూనె మనిషిని పిలిపించాను.

"ఏమయ్యా, ఏమిటి నీ బొమ్మ అర్థం?"

అతను సూపర్‌వైజరు వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "అర్థమేటుంది బాబూ. సూసిందే ఏసినాను."

"రెప్పల్లేకుండా ఎందుకు వేశావు?"

"మావోళ్ళు వాగనాలకి రెప్పేసినాకే కన్నేత్తారు బాబూ. రెప్ప నేకుండా కన్ను తెరిపిత్తే అది ఎదరున్నోల్ని తినేస్తాది అంటారు."

"మరి నువ్వు తెరిపించావు కదా?"

"నాను తెరిపించినేదు బాబూ," అన్నాడు.

కళాకారుడి వినయం అనుకుని నేను మురిసిపోయాను. 'చూసిందే వేశాను' అన్న మాటను నా పేజీలో మొదటి వాక్యంగా పెట్టుకున్నాను. రెప్ప సంగతిని జానపద విశ్వాసం అని ఒక ముక్కలో తేల్చేశాను. ఆ తర్వాత కలం పరుగు చూడాలి! రెండు తలలు ఆధునిక మానవుడి చీలిన మనసట. ఏడు పళ్ళు సప్తవ్యసనాలు, ఎనిమిది పళ్ళు అష్టకష్టాలు. రెప్పల్లేని కళ్ళు యంత్రయుగానికి పట్టిన నిద్రలేమి. రెప్ప మోసేవాడు తన సిగ్గును తానే నెత్తికెత్తుకుని పరుగులు తీస్తున్న నాగరికత. ముఖం లేని తెల్ల చొక్కావాడు విశ్వమానవుడు.

సభలో నేనే చదివాను. ముందు వరసల్లో ఆఫీసర్లు, వాళ్ళ కుటుంబాలు తలలూపారు. విశ్వమానవుడు దగ్గరకొచ్చేసరికి వెనక వరసల్లో కార్మికులు గొల్లున నవ్వారు. ఏడో నంబరు ఆవిడైతే కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. గాడిదకేం తెలుసు గంధపు వాసన అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే ఆ సామెతలోని గాడిద ఎవరో నాకు బాగా తెలుస్తుంది. ఆ నవ్వులో కలవని కార్మికుడు ఒక్కడే, బొమ్మ వేసినవాడు. అతను నా మొహం కేసే చూస్తున్నాడు.

మొదటి బహుమతి అతనికే ఇచ్చాం. బొమ్మకు ఫ్రేము కట్టించి, కింద నా పేజీ టైపు చేయించి అతికించి, నా గదిలో నా కుర్చీ వెనక తగిలించుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం ఎప్పటిలాగే ఏడో నంబరు చూశాను. ఆవిడ ఎప్పటిలాగే కేకేసింది. టీ తాగాను. ఎనిమిదో నంబరు దగ్గర నిలబడి 'మూత ఉంది' అని టిక్కు పెడుతుండగా ఏడో నంబరు వైపు నుంచి అరుపు వినిపించింది. ఆ తర్వాత మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మిల్లులో పనిచేసిన వాళ్ళకు తెలుసు, హోరుకు భయం వెయ్యదు, ఉన్నట్టుండి హోరు ఆగితే గుండె జారిపోతుంది.

నేను కదలబోతూ ఎనిమిదో నంబరు మూత మీద చెయ్యి వేశాను. అది ఊగింది. బోల్టులుండాల్సిన చోట రెండు కొక్కేలున్నాయి. మిషన్ వెనక నూనె మనిషి గోడకు చేరగిలబడి ఆయాసంతో రొప్పుతున్నాడు. నన్ను చూసి, "బాబూ... ఆ మూత దానిదే బాబూ," అని కూలబడిపోయాడు.

సంగతి ఇది. ఎనిమిదో నంబరు మూత ఎప్పుడో వంగిపోతే బాగుచేయించడానికి పంపారు, అది మళ్ళీ రాలేదు. రాలేదని రాస్తే మిషన్ ఆపాలి. అందుకని నేను ఏడో నంబరు చూసి టీకి కూర్చోగానే అక్కడి మూత విప్పి, వెనక సందులోంచి మోసుకెళ్ళి ఎనిమిదికి తగిలించేవారు. నేను వెళ్ళాక మళ్ళీ ఏడుకి. మోసే పని నూనె మనిషిది. ఎనిమిది దగ్గర వాళ్ళు ఎప్పుడూ మూత లేకుండానే చేస్తారు కనుక కర్రతో నార తోయడం అలవాటు చేసుకున్నారు. ఏడు దగ్గర ఆవిడకు వారమంతా మూత ఉంటుంది. ఆ ఇరవై నిమిషాలే ఉండదు. చేతికి మాత్రం ఉన్నట్టే అలవాటు.

నేను తనిఖీ చెయ్యడానికి రాకపోతే ఆమె చెయ్యి ఆమెకుండేది. ఇది మీరు మరొకసారి చదవండి, నేను రోజూ చదువుకుంటూనే ఉన్నాను.

కుడిచేతి నాలుగు వేళ్ళు, సగం అరచెయ్యి పోయాయి. ఆమెను ఆసుపత్రికి పంపి, రిపోర్టు రాయడానికి నా గదికొచ్చాను. కుర్చీలో కూర్చోబోతూ బొమ్మ చూశాను. ఏడు పళ్ళు. ఎనిమిది పళ్ళు. ఒక్క రెప్ప. మోసుకుపోతున్న బక్క మనిషి. టీ గ్లాసు. ఈసారి అర్థం చెప్పడానికి ముప్పావు గంట పట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగా, ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననిపించింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఆ గొంతు ఎక్కడికి పోయిందో, దగ్గరకు వంగితే తప్ప వినిపించలేదు.

"నాను మూత ఎత్తినేదు బాబూ. నానే ఎత్తి సెయ్యెట్టినానని సూపర్‌వైజరుబాబు ఒచ్చి కాయితం మీద ఏలిముద్ర అడిగినాడు. ఎడం సేతిదట. ఎయ్యమంటారేటి?"

"వెయ్యకు," అన్నాను.

"ఎయ్యకపోతే పనిలోంచి తీసేత్తారట గదా. తీసేత్తే ఈ సేత్తో నాకెవుడు పనిత్తాడు?"

మళ్ళీ వస్తానని చెప్పి లేచాను.

నాలుగో రోజున ప్రభుత్వం తరఫు తనిఖీ అధికారి విచారణకు వచ్చారు. చోటు లేదని నా గదిలోనే పెట్టారు. మేనేజరుగారు నా అట్ట మీది కాగితం ఆయన ముందు పెట్టారు. ఏడో నంబరు: మూత ఉంది. ఎనిమిదో నంబరు: మూత ఉంది. కింద నా సంతకం, అందంగా. మూత ఉందని అధికారే రాశాడు కనుక మనిషే దాన్ని ఎత్తి చెయ్యి పెట్టింది, తప్పు ఆమెది, ఇదీ వాదన. సూపర్‌వైజరు అవునన్నాడు. ఎనిమిది దగ్గరివాళ్ళు మాకేం తెలీదన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. మేనేజరుగారు అంతకుముందే నన్ను పక్కకు పిలిచి, "మీకింకా పద్నాలుగు నెలలే సర్వీసు. మీరు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు, రాసింది రాశాను అనండి చాలు," అన్నారు. బెదిరించలేదు, పాపం. మంచి మాటగానే చెప్పారు.

నూనె మనిషిని పిలిచారు. అతను ఏమడిగినా మాట్లాడడు. మా తలల మీదుగా గోడ వైపే చూస్తున్నాడు. తనిఖీ అధికారి విసుగొచ్చి వెనక్కి తిరిగి చూశారు. "ఏమిటా బొమ్మ? ఏమిటి దాని అర్థం?"

గదిలో అందరూ నా వైపు తిరిగారు. అర్థం చెప్పేది నేనే కదా.

లేచి బొమ్మ దించాను. బల్ల మీద కాగితాలన్నీ పక్కకు జరిపి అక్కడ పెట్టాను. కింద అతికించిన నా పేజీ చింపేశాను.

"ఇది ఏడో నంబరు మిషన్ సార్, పళ్ళు లెక్కపెట్టుకోండి. ఇది ఎనిమిది. ఈ రెప్ప ఇనప మూత. రెండు మిషన్లకు ఒక్కటే ఉంది. ఈ పరిగెత్తేవాడు ఇదిగో, మీ ఎదురుగా నిలబడ్డవాడు. ఈమె ఆసుపత్రిలో ఉంది. ఈ టీ తాగుతున్నవాణ్ణి నేను. రెండు నెలల కిందట బొమ్మల పోటీలో ఇది నాకు ఇచ్చారు. ఇది ఫిర్యాదని నాకు తెలియలేదు. ఆ కాగితం మీద నేను పెట్టిన సంతకం తప్పు."

సూపర్‌వైజరు, "బొమ్మలు సాక్ష్యమేటండీ!" అని ఏదో అనబోయాడు. అప్పుడు నూనె మనిషి నోరు విప్పాడు. "మూత మోసింది నానే బాబూ. ప్రెతి మంగలారం. మోయమంటే మోసినాను." అని కొక్కేలు ఎక్కడ చేయించారో, ఎవరు చేయించారో అన్నీ చెప్పాడు. అతని వెనకే ఎనిమిది దగ్గరివాళ్ళూ ఒక్కొక్కరూ వచ్చి చెప్పారు. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలి పెద్దది.

ఆమె మీద తప్పు పడలేదు. చెయ్యి మానాక సంచుల విభాగంలో పని ఇచ్చారు. సూపర్‌వైజరును పంపేశారు. నన్ను కొన్నాళ్ళు సస్పెండు చేసి, తర్వాత స్టోర్సులో కూర్చోబెట్టారు. నా రిటైర్‌మెంటుకు సభ జరగలేదు, సన్మానపత్రం రాసేవాణ్ణి నేనే కనుక ఎలాగూ ఇబ్బందే.

ఆమె తిరిగి పనిలో చేరిన రోజున వెళ్ళి కలిశాను. అందరూ నేను చాలా గొప్ప పని చేశానంటున్న రోజులవి. లోపల ఆ మాట ఆమె నోట కూడా వినాలని ఉంది కాబోలు నాకు. ఎడమ చేత్తో సంచులు సర్దుతూ, తలెత్తకుండా అంది:

"సెప్పినావు బాబూ, బాగానే సెప్పినావు. ముందే సూసుంటే నా సెయ్యి నాకుండును గదా."

మీరు అనే మాట నువ్వు అయిపోయింది. అది కోపమో, దగ్గరితనమో నేను అర్థం చెప్పను. ఆ పని మానేశాను.

మిల్లు మూతపడ్డ నెలలో నూనె మనిషి, విచారణయ్యాక గోడౌనులో పడేసిన ఆ బొమ్మను ఫ్రేము ఊడదీసి, చుట్ట చుట్టి, మా ఇంటికి తెచ్చాడు. గోడకు తగిలించాం. ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. అప్పుడడిగాను, నాకు నోటితో ఎందుకు చెప్పలేదని.

"నోటితో సెప్తే నా పని పోద్ది గదా బాబూ. మూత మోసింది నానే, నాను సెప్తే ఎవుడింటాడు? బొమ్మలో ఎడితే మీరు సూత్తారనుకున్నాను. సదువుకున్నోరు గదా."

ఎందుకడిగానో తెలియదు, అడిగాను. "పోనీ, ఇప్పుడు ఆ తెల్ల చొక్కా ఆయనకు ముఖం వెయ్యవూ? రంగులు నేను తెప్పిస్తాను. కళ్ళు వెయ్యి చాలు."

అతను గ్లాసు కింద పెట్టాడు. బొమ్మ దగ్గరకు వెళ్ళి, ఆ నున్నటి చోట వేలితో ఒకసారి తడిమి చూశాడు.

"ప్రెతి మంగలారం మీ ఎదురుగా నిలబడీవోణ్ణి బాబూ. ఒక్కసారైనా తలెత్తుతారేమో, మొకం సూసుకుని ఏద్దామనుకున్నాను. మీరు సేతిలో అట్ట కేసే సూసుకునీవోరు. అప్పుడు నేని మొకం ఇప్పుడెలాగ ఏత్తాను?"